అద్దాలు దించని కారు

నిన్న ఎవరో నా కారు మీద గీసిన గీత ఈ ఉదయానికి మా నాలుగో అంతస్తు గుమ్మం దాకా వచ్చి ఆగి ఉంది.

పాల ప్యాకెట్ తీసుకుందామని తలుపు తెరిస్తే కనబడుతుంది. గడప అవతల, చెప్పులు విడిచే చోట, నేల మీద సన్నగా, లోతుగా ఉంది. కొన మీద నా కారు రంగు పెచ్చు ఒకటి అంటుకుని ఉంది, ముదురు ఎరుపు. రమ్మంటే లోపలికి వచ్చేలాగే ఉంది గానీ, పిలవని ఇంట్లోకి రాకూడదన్న ఇంగితం దానికి ఉన్నట్టుంది. నేను పిలవను. నాకు ఒళ్ళు మండిపోతోంది.

లుంగీ సర్దుకుని, గీతని పట్టుకుని కిందికి దిగుతాను. అది లిఫ్టులో రాలేదు, మెట్లెక్కి వచ్చింది. ప్రతి మలుపులో ఆయాసం తీర్చుకున్నట్టు ఒక చిన్న సున్నా చుట్టుకుని మళ్ళీ బయలుదేరింది. రెండో అంతస్తులో ఎవరిదో తులసి కుండీ ఉంటే దాని చుట్టూ ప్రదక్షిణ కూడా చేసింది. ఆకతాయిల గీత అయితే ఇంత ఓపిక ఉండదు, లిఫ్టెక్కి వచ్చేసేది.

మా సింధు నిలయం సముద్రానికి రెండు వీధులు ఇవతల ఉంది. దీని సెల్లార్ ఈ మధ్య పొడుగవుతోంది. నా కారు మొదటి నుంచీ చివరి స్తంభం పక్కనే ఆపుతాను. అప్పట్లో సిగరెట్ వెలిగించేలోపు అక్కడికి చేరేవాణ్ణి. ఇప్పుడు మధ్యలో ఒకసారి కూర్చోవాలి. అందుకోసం వాచ్‌మన్ అప్పన్న దారిలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంచాడు. నేను కూర్చుని, లేచి, మళ్ళీ నడుస్తాను.

కారు దగ్గర అప్పన్న చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సూసినారా బాబూ, మల్లీ గీసేసినారు," అంటాడు.

మొదట డ్రైవర్ తలుపు మీద ఒక్క గీత ఉండేది. తర్వాత బానెట్ మీద రెండు పడ్డాయి. ఆ తర్వాత డిక్కీ మీద మెలికలు తిరిగి ఒకటి, దానికి తోడు ఇంకొకటి. ఇప్పుడు కారు ఒంటి మీద అరచేతంత ఖాళీ స్థలం వెతుక్కోవాలి.

"కెమెరాలో ఏం పడిందో చూశావా?"

"అది గోడేపు తిరిగిపోతన్నాది బాబూ. ఆడమనిసి ఉంటే అటు తిరిగిపోద్ది. మరియాదున్న కెమెరా."

"ఇక్కడ ఆడమనిషి ఎవరున్నారు?"

"అదే నాకూ తెలీట్నేదు," అని అప్పన్న ఊడ్చుకుంటూ వెళ్ళిపోతాడు. తల ఎత్తి చూస్తాను. కెమెరా నిజంగానే గోడకి ముఖం పెట్టుకుని ఉంది.

నా కారు పాతది. ఉప్పుగాలికి అంచులు తుప్పు పట్టాయి. పాత బనీను తడిపి రోజూ పైపైన తుడుస్తాను. తలుపులు మాత్రం తీయను, అద్దాలు దించను. హైమ పోయి ఏడాది దాటింది, అప్పటి నుంచి ఇదే పద్ధతి.

హైమ నా భార్య. ఆఖరి సాయంత్రం ఇద్దరం బీచ్ రోడ్డుకి వెళ్ళి, కారులోనే కూర్చుని ముంత మసాలా తిని వచ్చాం. సెల్లార్‌లో కారు ఆపగానే, "ఏవండీ, రేపు పొద్దున్నే నాకు గుర్తు చెయ్యండి," అని మొదలుపెట్టింది. అంతలో వెనక నుంచి ఎవరో దారి వదలమని హారన్ కొట్టారు. అద్దాలు ఎక్కించి, తలుపులు వేసి, మెట్ల వైపు నడిచాం. హైమకి లిఫ్టంటే భయం. మెట్లెక్కేటప్పుడు ఆయాసం వల్ల మాట్లాడదు. ఇంట్లోకి వెళ్ళాక మాట మారిపోయింది. మర్నాడు పొద్దున్న గుర్తు చేద్దామంటే ఏది గుర్తు చెయ్యాలో నాకు తెలియదు, చెప్పడానికి ఆమె లేదు.

ఆ మాటలో మిగతా సగం కారులోపలి గాలిలో ఉండిపోయింది. అద్దం దించితే గాలి పోతుంది, గాలితో మాట పోతుంది. ఈ సంగతి ఎవరికైనా చెబితే నవ్వుతారు. నవ్వనీ. ఎడమవైపు అద్దానికి లోపలి పక్క రోజూ పొద్దున్న చిన్న ఆవిరి మచ్చ పట్టి ఉంటుంది, ఎవరో దగ్గరగా ఊపిరి వదిలినట్టు. నేను బయటి నుంచి దాని మీద చెయ్యి పెట్టి కాసేపు ఉంటాను. నాకు హైమ కావాలి. ఆమె రాకపోతే ఆమె చెప్పబోయిన మాటైనా కావాలి. అంతకు మించిన ఆశలు నాకేం లేవు.

అందుకే గీతలు చూస్తే భయం. రంగు పోతే పోయింది, ఆ కారుకి అందం ఒక్కటే తక్కువైందా. ఇవాళ గీసిన చెయ్యి రేపు రాయి పట్టుకుంటే, అద్దం పగిలితే, నా దగ్గర ఇంకేం మిగలదు.

సాయంత్రం అసోసియేషన్ మీటింగు సెల్లార్‌లోనే పెడతారు. కుర్చీలు వరసగా వేస్తుంటే సెల్లార్ ఇంకా సాగుతుంది. చివరి వరసలోవాళ్ళు చెప్పే అభ్యంతరాలు తీర్మానం అయిపోయాక గానీ ముందుకి చేరడం లేదు. మీటింగు నడిపేది సెక్రటరీ త్రినాథరావుగారు. ఏ సంగతి చెప్పినా ముందే తెలిసినట్టు తల ఊపే మనిషి.

"చూడండి సన్యాసిరావుగారూ," అంటారు నాతో, "కదలని బండి మీదే గీతలు పడతాయి. కదిలే బండి మీద గియ్యడం ఎవడి తరం?"

"గీసినవాణ్ణి పట్టుకోవాలి కదండీ."

"మీరు బండి తిప్పుతూ ఉంటే గీత పడదు. గీతే పడకపోతే గీసినవాడు మనకెందుకు?"

అందరూ తలలు ఊపుతారు. నాకూ ఊపాలనిపిస్తుంది, బలవంతాన ఆపుకుంటాను.

"పైగా గీత మీ కారు దిగి మెట్లెక్కుతోంది. ఇవాళ మీ గుమ్మం, రేపు మా గుమ్మం. రేపు మధ్యాహ్నంలోగా బండి బయటికి తీస్తే సరే సరి. లేదా మెకానిక్‌ని తీసుకొస్తాను, తలుపులు తెరిపించి షెడ్డుకి తోయిస్తాను. మూసి మూసి లోపల ఎంత ముక్కిపోయిందో ఏమో, పాపం. నాలుగు అద్దాలూ దించి శుభ్రంగా గాలి ఆడిస్తే కొత్తదైపోతుంది."

ఆయన మంచికే చెబుతున్నారు. 

"నాకు ఎదురొచ్చే మనిషి లేదండీ," అంటాను.

ఈ కారణాన్ని కాదనే ధైర్యం మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ లేదు. బండి తీసేటప్పుడు ఇంటి మనిషి ఎదురు రావాలి. మా ఇంట్లో అది స్కూటరు రోజుల నుంచీ ఉన్న ఆనవాయితీ. హైమ నాకంటే ముందు మెట్లు దిగి, ర్యాంపు ఎక్కి గేటు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి నాకు ఎదురొచ్చేది. శకునం కోసం వస్తున్నట్టు కనబడకూడదని చేతిలో ఖాళీ కూరల సంచి పట్టుకునేది. బజారు నుంచి వస్తున్నట్టు నడక, నేనెవరో తెలియనట్టు ముఖం. ఎదురొచ్చే మనిషి పలకరించకూడదు. నేను బండి ఆపకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. అన్నేళ్ళూ రోజూ ఆడిన నాటకంలో ఇద్దరమూ ఒక్కసారి కూడా నవ్వలేదు. గేటు దాటాక నాకు నవ్వొచ్చేది. ఆమెకి ఎప్పుడొచ్చేదో అడగలేదు.

"దానికేం, మా శేషారత్నం వస్తుంది," అంటారు త్రినాథరావుగారు భార్య వైపు చూసి.

"వద్దండీ. ఒకసారి వచ్చారు కదా."

శేషారత్నంగారు తల దించుకుంటారు. హైమ పోయిన కొత్తలో ఆవిడ జాలిపడి గేటు దగ్గర నాకు ఎదురొచ్చారు. నేను ఆఫీసుకని బస్సెక్కి, దిగి చూస్తే చేపల మార్కెట్టు. త్రినాథరావుగారు ప్రతి ఆదివారం వెళ్ళేది అక్కడికే. ఆవిడ ఎదురొస్తే ఆయన వెళ్ళే చోటికి కాక ఇంకెక్కడికి వెళ్తాం? ఊరికే తిరిగి రావడం ఎందుకని చేపలు కొన్నాను. ఇంట్లో వండేవాళ్ళు లేరు, అప్పన్నకి ఇచ్చేశాను.

"అయితే రేపు మధ్యాహ్నంలోగా మీ మనిషిని మీరే చూసుకోండి," అని మీటింగు ముగిస్తారు. చివరి వరస నుంచి ఎవరిదో అభ్యంతరం వస్తూ వస్తూ ఉండగానే కుర్చీలు తీసేస్తారు.

మర్నాడు పొద్దున్నే నేను కారు పక్కన కాపలా కూర్చుంటాను. దారి మధ్యలో ఉన్న కుర్చీకి తోడు ఇంకొకటి తెచ్చుకున్నాను. ఫ్లాస్కులో టీ ఉంది. టీ నేనే పెట్టుకున్నాను కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. ఒక్కొక్కరే బండ్లు తీసుకుని ఆఫీసులకి వెళ్ళిపోతారు. ప్రతివాళ్ళకీ ర్యాంపు మీద ఎవరో ఒకరు ఎదురొస్తారు. చూడకూడదనుకుంటూనే చూస్తాను.

పన్నెండు కాకుండానే ర్యాంపు దగ్గర త్రినాథరావుగారు, ఆయన పక్కన ఒక మెకానిక్ కనబడతారు. ఇద్దరూ అగ్గిపుల్లలంత ఉన్నారు. మెకానిక్ భుజాన సంచిలో పానాలు గలగలమంటున్నాయి. ఇద్దరూ నా వైపే నడుస్తున్నారు, సెల్లార్ సాగుతున్నందువల్ల ఇంకా అగ్గిపుల్లల్లాగే ఉన్నారు. అయినా వస్తున్నారు. మధ్య కుర్చీ దగ్గర ఒకరి తర్వాత ఒకరు కూర్చుని లేస్తారు.

నేను లేచి కారుకి అడ్డంగా నిలబడి, బానెట్ మీద రెండు చేతులూ ఆనిస్తాను. ఎవరైనా నన్ను దాటుకుని రావాల్సిందే.

అప్పుడు కొత్త గీత పడుతుంది.

బానెట్ అవతలి అంచు నుంచి మొదలై నెమ్మదిగా నా వైపు వస్తుంది. చుట్టూ ఎవరూ లేరు. గీత నా ఎడమ అరచేతి దగ్గరికి వచ్చి, దాని కిందుగా వెళ్ళి, ఇటు పక్క తేలుతుంది. నా చేతికి గీరుకోలేదు. రేకు మాత్రం వేడిగా ఉంది. రంగు పెచ్చులన్నీ పైకి లేచి ఉన్నాయి, లోపలి నుంచి పొడిచినట్టు.

ఇన్నాళ్ళూ నేను బయటివాళ్ళ నుంచి కారుని కాపాడుతున్నాను.

ఎడమవైపు అద్దం దగ్గరికి వెళ్ళి నిలబడతాను. ఆవిరి మచ్చ పెద్దదవుతుంది, చిన్నదవుతుంది.

"హైమా?"

"ఊఁ."

"గీసేది నువ్వా?"

"ఎంత తట్టినా మీకు వినబడదాయె. చేతి గాజుతో గీశాను. గీతని ఇంటికి కూడా పంపించాను. లోపలికి రమ్మని ఒక్క మాట అనలేదు మీరు."

"కోపంగా ఉన్నాను."

"ఎవరి మీదో చూసుకుని కోప్పడచ్చు కదా."

గొంతు మారలేదు. తలుపుకి ఆనుకుంటాను. దూరంగా పానాల గలగల కాస్త దగ్గరవుతుంది. ఏడాదిగా అడగాలనుకున్నది ఇప్పుడు అడగకపోతే ఇక ఉండదు.

"ఆ రోజు ఏదో గుర్తు చెయ్యమన్నావు. ఏంటది?"

అద్దం మీద ఆవిరి కదలకుండా ఉంటుంది.

"గుర్తు లేదండీ."

"దానికోసమే కదా నేను అద్దాలు దించలేదు!"

"గుర్తుంటే మిమ్మల్నెందుకు గుర్తు చెయ్యమంటాను?"

అది న్యాయమైన మాట. ఏడాదిగా ఎంతో జాగ్రత్తగా దాచింది ఇందులో లేనే లేదు, ఆమె మాత్రం ఉంది.

"బండి తియ్యరేం?" అంటుంది హైమ.

"ఎక్కడికని తియ్యను?"

"ఎక్కడికైనా. మీరు వెళ్ళకపోతే నేను ఎదురు రావడం ఎలా? నేను ఇందులో ఉండిపోతే మీరు వెళ్ళడం ఎలా?"

"బయటికొస్తే ఎదురొస్తావు. తర్వాత?"

నేను అద్దానికి చెవి ఆనిస్తాను.

"తర్వాత మళ్ళీ ఎక్కుతావా?"

"ఎదురొచ్చినవాళ్ళు తిరిగి అదే బండి ఎక్కుతారా ఎక్కడైనా?"

ఎక్కరు. నాకు తెలుసు. గేటు దగ్గర బతిమాలినా ఎక్కరు.

"ఇందులోనే ఉండు హైమా. నేను రోజూ వచ్చి కూర్చుంటాను."

"ఉంటాను. గీస్తూనే ఉంటాను మరి. ఊపిరాడట్లేదండీ."

ఈ ఒక్క మాట ఆమె ఏడాది కిందటే అని ఉంటే బాగుండేది. అన్నదేమో, నాకు వినబడలేదేమో. లుంగీ మొలలోంచి తాళాలు తీస్తాను. తాళం చెవి తలుపులో పెట్టి చాలాసేపు తిప్పకుండా నిలబడతాను. తిప్పిన తర్వాత నాకు ఏమీ ఉండదు. తిప్పుతాను.

తలుపు తెరుచుకోగానే ఉల్లిపాయ, నిమ్మరసం, మరమరాల వాసన వస్తుంది. దాని వెనక కొబ్బరినూనె, ఆ వెనక ఉప్పుగాలి. గోరువెచ్చని గాలి నా పక్క నుంచి, చెవి దగ్గరగా వెళుతుంది. ఆగుతుందని ఎదురుచూస్తాను. ఆగదు. ఎదురు రావాలంటే ముందు గేటు దాకా వెళ్ళాలి, ఆలస్యమవుతోంది కదా. నేను ఇంకా వాసన పీలుస్తుండగానే కారులో పాత సీట్ల తోలు వాసన తప్ప ఏమీ మిగలదు.

లోపల కూర్చుంటాను. హ్యాండిళ్ళు తిప్పి నాలుగు అద్దాలూ దించుతాను. ఏడాదిగా కదలని కారు ఒక్క తాళానికే అందుకుంటుంది. ఆశ్చర్యపోవడానికి తీరిక లేదు.

ర్యాంపు మీద హైమ ఎదురొస్తోంది.

బజారు నుంచి వస్తున్నట్టే నడుస్తోంది. చేతిలో కూరల సంచి. ఈసారి అది ఖాళీగా లేదు, బరువుకి ఆమె భుజం ఒక పక్కకి ఒరిగి ఉంది. సంచిలో ఏముందో అడగకూడదు. దారిలో త్రినాథరావుగారు, మెకానిక్ ఆమెని చూసి గోడవైపు తిరిగి నిలబడతారు. కెమెరా ముందే తిరిగి ఉంది.

నేను గేరు మారుస్తాను. ర్యాంపు నిటారుగా లేస్తోంది, మొదటి అంతస్తు, రెండో అంతస్తు పక్కల నుంచి పోతోంది. కారు మూలుగుతూ ఎక్కుతోంది. హైమ దిగుతోంది. దగ్గరవుతున్నకొద్దీ ఆమె ముఖం మీద నేనెవరో తెలియనట్టు ఆ పాత ముఖమే ఉంది. ఎంత బాగా చేస్తుందో. ఇంత బాగా చెయ్యకపోతే ఏం పోయింది?

ఆమె నా కిటికీ పక్కకి వస్తుంది. చీర కొంగు నా మోచేతికి తగిలీ తగలనట్టు పోతుంది. నా కాలు బ్రేకు మీద ఉంది. కొంచెం, గోరంత నొక్కితే చాలు. బండి ఆపి పేరు పెట్టి పిలిస్తే ఆమె నావైపు తిరుగుతుంది, శకునం చెడుతుంది, మళ్ళీ మొదటి నుంచి ఇద్దరం సెల్లార్‌లో ఉంటాం. ఆమె అద్దం లోపల, నేను అద్దం బయట. నాకు అది కూడా కావాలనే ఉంది.

నొక్కను. కొంగు పోతుంది. వెనక ఆమె అడుగులు మెట్ల వైపు వెళుతున్నట్టు వినబడతాయి. నేను మెడ బిగబట్టుకుని ముందుకే చూస్తాను. కళ్ళ నిండా నీళ్ళు, దారి అలుక్కుపోతుంది.

గేటు దాటుతాను. నవ్వు రావాలి. వస్తుంది కూడా, సగంలో ఆగిపోతుంది.

గేటు అవతల వీధి లేదు, వాన ఉంది. వాన కారు మీద తప్ప ఎక్కడా పడడం లేదు. బానెట్ మీది గీతలు ఒక్కొక్కటే నిండుతాయి. నిండిన నీళ్ళు పల్లానికి జారవు, గీతల వెంట పారుతూ నా వైపే వస్తాయి. రేకు మీద పెచ్చులు లేచిన చోట గట్లు, గట్ల మీద పచ్చిక, ఆవగింజంత కొంగలు. మెలిక తిరిగిన చోట నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. నీళ్ళు తొణకకుండా నెమ్మదిగా నడుపుతాను.

కారు ముందు అంచున ఈ గీతల కాలువ ఇంకో పెద్ద నీటిలోంచి వస్తోంది. అది ఎంత వెడల్పో ఇక్కణ్ణుంచి తెలియడం లేదు. అటు నుంచి చింతగింజంత పడవ ఒకటి వస్తోంది. నడిపేవాళ్ళు లేరు. వస్తున్నకొద్దీ పెరుగుతూ, ముందు అద్దానికి ఆనుకుని ఆగుతుంది. అందులో ఒక మనిషి కూర్చునేంత చోటు పొడిగా ఉంది, అక్కడ వాన పడడం లేదు. ఎక్కడికైనా అంది కదా హైమ. నేను స్టీరింగు వదలకుండానే, పడవ ఎక్కడానికి చెప్పులు విడిచి, లుంగీ మోకాళ్ళ పైకి ఎగగడతాను.